నూటికి అర మనిషి

పద్నాలుగో వారం

“మీ అక్క కాదనలేదమ్మా. నొక్కడానికి అక్కడ ఏమీ లేదు.”

జైలు నుంచి నాలుగు రోజుల కిందట విడుదలైన టైలరమ్మ, బస్టాపులో చెల్లెలి చెయ్యి పట్టుకుని లోపలి సంగతులు కొన్ని చెప్పి, చివరికి ఈ మాట అనడం, అంతలో బస్సు రావడం, ఆవిడ ఎక్కి వెళ్ళిపోవడం పోయిన వారం చూశాం. బస్సులు ఎప్పుడూ అంతే. చెప్పాల్సింది ఇంకా సగం మిగిలి ఉండగానే వచ్చేస్తాయి.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. అక్క మందుల షాపులో పనిచేసేది. ఒకేలాంటి పెట్టెల్లో వచ్చే రెండు మందుల్లో ఒకదాని బదులు ఇంకొకటి ఇచ్చింది. ఒక పెద్దాయన ప్రాణం పోయింది. “చూసే ఇచ్చానని చెప్పు, మిగతాది నాకు వదిలెయ్” అని వకీలు ఎంత పోరినా, కోర్టులో నిలబడి “చూడలేదండి” అంది. మూడేళ్ళు వేశారు. అప్పటి నుంచి ప్రతి వారం అమ్మ పేరు మీద, అమ్మ ఫోను నంబరుతో, చెల్లెలు ములాఖత్తుకు దరఖాస్తు పెడుతూనే ఉంది. ప్రతి వారం అమ్మ ఫోనుకు ఒకటే జవాబు: “ఖైదీ కలవడానికి సుముఖంగా లేరు.” పదకొండు వారాలు, పదకొండు జవాబులు. ఇక పెట్టొద్దని అమ్మ మొన్న చెప్పేసింది. చెప్పి, అక్క మంచం మీది దుప్పటి మడిచి బీరువాలో పెట్టేసింది. వచ్చే సోమవారం అక్కను రెండు రోజుల ప్రయాణమంత దూరంలో ఉన్న ఇంకో జైలుకు మార్చేస్తున్నారు.

ఎవరిని కలుస్తారో, ఎవరిని వద్దంటారో ఖైదీలు కంప్యూటర్లో చెప్పుకునేది గురువారం మధ్యాహ్నం మూడింటి నుంచి నాలుగింటి వరకే. ఆ గంటలో ఏమీ చెప్పకపోతే వద్దన్నట్టే లెక్క.

ఆ కంప్యూటర్లో కనబడే పేజీ చెల్లెలు చేసిందే. ఆ సంగతి అక్కకూ తెలియదు, అమ్మకూ తెలియదు. అక్క ఆ జైల్లో ఉందని ఆఫీసులోనూ ఎవరికీ తెలియదు.

ఇవాళ గురువారం. గోడ గడియారంలో ఒంటిగంటా పది.

*

ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. ఎనిమిది మంది, ఎనిమిది బల్లలు, తెరుచుకోని రెండు కిటికీలు. ఎప్పుడో రంగు వేసినప్పుడు కిటికీ రెక్కలు అంటుకుపోయాయి. విడదీయిస్తానని మేస్త్రి ప్రతి ఎండాకాలం అంటాడు, ఎండాకాలం అయిపోగానే మరిచిపోతాడు. మేస్త్రి అంటే యజమాని. వయసులో ఉండగా ఇళ్ళు కట్టించేవాడు, ఇప్పుడు వెబ్‌సైట్లు కట్టిస్తున్నాడు. తెర మీద గీత వంకర పోయిందేమోనని ఇప్పటికీ ఒక కన్ను మూసి చూస్తాడు.

చెల్లెల్ని అందరూ “సర్దుబాటు” అంటారు. ఒక పేజీ అన్ని బ్రౌజర్లలోనూ ఒకేలా కనబడేట్టు సర్దడం ఆమె పని. పేజీలో ఏది ఎక్కడ నిలబడాలో, ఎంత వెడల్పుండాలో చెప్పే రాతను సీఎస్‌ఎస్ అంటారు. చిక్కల్లా, ఆ రాతను ఒక్కో బ్రౌజరు ఒక్కోలా చదువుకుంటుంది. కొత్తవి చెప్పింది చెప్పినట్టు వింటాయి. పాతవాటికి అదే మాటను వాటి ఇంటిపేరు ముందు తగిలించి మళ్ళీ చెప్పాలి. లేకపోతే ఎవరితోనో మాట్లాడుతున్నారులే అన్నట్టు ఊరుకుంటాయి. ఒక్కో మాటను మూడు నాలుగు ఇంటిపేర్లతో చేత్తో రాయలేక, ఆ చాకిరీ చేసిపెట్టే పనిముట్టు ఒకటి ఎడిటర్లో, అంటే ఆ రాత రాసుకునే ప్రోగ్రాములో, తగిలించుకున్నారు. ఏ బ్రౌజర్లకు రాయాలో దానికి ఒక జాబితా ఇవ్వాలి. సేవ్ నొక్కగానే జాబితాలో ఉన్నవాటికి కావలసిన వరసలన్నీ రాసిపెడుతుంది, లేనివాటి వరసలు ఊడ్చేస్తుంది. మనం ఏం చేసినా వెనకే వచ్చి సర్దుతుంది గనక దానికి “అత్తగారు” అని పేరు పెట్టింది బొమ్మలావిడ.

బొమ్మలావిడ పక్క బల్ల. పేజీలకు బొమ్మలు వేస్తుంది.

“ఏంటి సర్దుబాటూ, భోజనం కూడా సర్దుబాటేనా ఇవాళ?” అంది డబ్బా చేత్తో పట్టుకుని.

“మీరు వెళ్ళండి. ఆకలి లేదు.”

“ఆకలి లేనివాళ్ళు గోళ్ళు తింటారటమ్మా?”

చెల్లెలు చెయ్యి నోట్లోంచి తీసేసింది. అందరూ పై అంతస్తుకు భోజనాలకు వెళ్ళారు. మెట్ల మీద నవ్వులు వినబడి, తలుపు పడ్డాక ఆగిపోయాయి.

ఆమె జైలు పేజీ ఫైలు తెరిచింది. కళ్ళకు మొదట ఏమీ తట్టలేదు. అన్నీ ఉన్నట్టే ఉన్నాయి. ఉన్నవాటిని చూసినంత కాలం లేనిది కనబడదు కదా. రెండోసారి పై నుంచి మెల్లగా వేలు పెట్టి చదువుకుంటూ వచ్చింది. ఫోటో పక్కన మీటలు నిలబడాలని చెప్పే చోట ఒకే ఒక్క వరస ఉంది. ఇంటిపేర్ల వరసలు లేవు. ఆ పైన కూడా లేవు. ఎక్కడా లేవు.

అత్తగారి జాబితా తెరిచింది. పది ఉండాల్సిన చోట తొమ్మిది పేర్లున్నాయి. లేని పదోది, ఆడవాళ్ళ వార్డులో ఉన్న ఆ ఒక్క పాత కంప్యూటరుది.

ఒళ్ళు మండిపోయింది. ఎవడు తీశాడు ఇది? ఎవడికి చేతులు దురద పెట్టాయి? తీసేముందు ఒక్క మాట అడగొద్దా? కూర్చున్న కుర్చీలోనే ఊగిపోయింది. ఆఫీసులో ఏడుగురి మొహాలూ ఒక్కొక్కటే కళ్ళ ముందుకు తెచ్చుకుని, ఏడుగురినీ తిట్టుకుంది.

“చీటీ ఏది?”

వెనక నుంచి మేస్త్రి గొంతు. భోజనం మధ్యలో లేచి వచ్చినట్టున్నాడు, చేతిలో తడి రుమాలు.

ఈ ఆఫీసులో చీటీ లేనిదే ఎవరూ ఏ ఫైలూ ముట్టుకోరు. ఏం మార్చాలో చీటీ మీద రాసి ఉంటుంది. కింద రెండు గళ్ళు: మార్చాను, పాత యంత్రంలో చూశాను. రెండు గళ్ళలోనూ టిక్కు పెట్టి, పొడి సంతకం చేసి, మేస్త్రి బల్ల మీద నిలబెట్టిన ఇనుప సూదికి గుచ్చాలి. కంప్యూటర్లో పని చేసేవాళ్ళకు కాగితం చీటీలేమిటని కొత్తలో అందరూ నవ్వుకుంటారు. పునాదికీ గోడకీ కాగితమే సాక్ష్యం అంటాడు మేస్త్రి.

“జైలు పేజీలో తప్పుంది మేస్త్రి గారూ.”

“జైలువాళ్ళు ఫోన్ చేశారా?”

“లేదండి.”

“ఉత్తరం రాశారా?”

“లేదు.”

“మరి? కల వచ్చిందా?”

“ఆడవాళ్ళ వార్డులో కంప్యూటరు పాతది కదండీ. అందులో మీటలు కనబడటం లేదేమోనని...”

“కనబడకపోతే ఇన్నాళ్ళూ నోరు మూసుకుని కూర్చుంటారా వాళ్ళు?”

మూసుకోలేదు. టైలరమ్మ ఆ సంగతీ చెప్పింది. చెప్పాం తల్లీ, తెర వెలుగుతోందిగా, ఇంకేం కావాలి మీకు అన్నారు జైలువాళ్ళు, అని. ఆ మాట గొంతు దాకా వచ్చింది. బయటికి వస్తే ఆ టైలరమ్మ ఎవరు, నీకెందుకు చెప్పింది అంటాడు. మింగేసింది.

మేస్త్రి ఆమె మొహం కేసి ఒక కన్ను మూసి చూశాడు.

“సరే, రా. తాతగార్నే అడుగుదాం.”

*

పాత యంత్రాలు ఉండే గదిని ముసలివాళ్ళ గది అంటారు. కిటికీ లేదు. తలుపు దానంతటదే మూసుకుపోతుంది, లోపలి పక్క పిడి ఊడిపోయి చాలాకాలమైంది. అందుకని గడప దగ్గర ఒక ఇటుక పెట్టుకుంటారు. అరల నిండా ఎవరూ వాడని ఫోన్లు, బొద్దు తెరలు, పసుపు తిరిగిన కీబోర్డులు. గట్టిగా అరిస్తే గానీ పలకని ఫోను చెవిటి మామ. మూలనున్న పాత కంప్యూటరు తాతగారు. అచ్చం అలాంటిదే ఆడవాళ్ళ వార్డులోనూ ఉంది.

తాతగారు లేవడానికి ఆరు నిమిషాలు పడుతుంది. ఆ ఆరు నిమిషాలూ ఇద్దరూ నిలబడే ఉన్నారు. గదిలో దుమ్ము కాలిన వాసన. చెల్లెలు ఇటుక కేసి చూస్తోంది. అది అక్కడే ఉందా, జరిగిందా అని ఊరికే చూస్తోంది. ఇప్పుడు ఒంటిగంటా నలభై అయి ఉంటుంది. అక్క ఈపాటికి వరసలో నిలబడి ఉంటుంది. టైలరమ్మ చెప్పింది, గంటన్నర ముందే నిలబెడతారట.

పేజీ తెరుచుకుంది. ఈ వారం వచ్చిన దరఖాస్తులు వరసగా ఉన్నాయి. చెల్లెలు కింద ఉన్నదేదో నొక్కబోయింది.

“ఏదో ఒకటి చాలు కదమ్మా,” అని మేస్త్రి చెయ్యి చాపి అన్నిటికన్నా పైదాన్ని నొక్కేశాడు.

పైన ఉండేది అన్నిటికన్నా కొత్తది. ఈ ఉదయం ఎనిమిదింటికి, అమ్మ స్నానానికి వెళ్ళినప్పుడు, అమ్మకు చెప్పకుండా చెల్లెలు పెట్టింది.

తెర నిండా అమ్మ.

అక్కడ ఉండాల్సింది ఒక పెట్టె. పెట్టెలో ఎడమ పక్క చిన్న ఫోటో, కుడి పక్క పేరు, పేరు కింద “రమ్మనండి”, “వద్దు” అనే రెండు మీటలు. పక్కపక్కన నిలబడండి అన్న మాట తాతగారికి వినబడలేదు. దాంతో ఫోటో పెట్టె వెడల్పంతా పరుచుకుని కూర్చుంది, మిగతావన్నీ దాని కిందకు జారిపోయాయి. పెట్టె ఎత్తు మాత్రం పెరగలేదు. పేరులో పై సగం కనబడుతోంది, అంతే. ఖైదీలు అటూ ఇటూ జరిపి ఏవేవో నొక్కేస్తారని, ఆ పేజీ కదలకుండా కట్టేశారు. కట్టేసింది కూడా చెల్లెలే.

“మీటలేవి?” అన్నాడు మేస్త్రి.

“కింద ఉన్నాయండి. పెట్టె బయట. ఉన్నాయి గానీ, అవతలివాళ్ళకు కనబడవు.”

ప్రతి గురువారం మీ అమ్మ ఫోటో చూస్తూ కూర్చునేదమ్మా, అంది టైలరమ్మ బస్టాపులో. వంతు అయిపోయిందని లేవమనేవాళ్ళు. లేచేది.

మేస్త్రి తెరకు దగ్గరగా వంగాడు. అమ్మ ఫోటో మంచి ఫోటో ఏమీ కాదు. ఎవరో పిలిస్తే అటు తిరగబోతూ ఉన్నట్టుంటుంది. ఆయన ఈసారి కన్ను మూయలేదు, రెండు కళ్ళతోనూ చూశాడు.

“ఈవిడ... ఆ మధ్య వానలో నీకు గొడుగు తెచ్చిచ్చిన ఆవిడ కాదూ?”

ఆమె తెరకు చెయ్యి అడ్డం పెట్టబోయింది.

“మెట్లెక్కి ఆయాసపడుతుంటే నేనే నీళ్ళిచ్చాను. ఆవిడే. ఆ ముక్కు నీ ముక్కే.” మేస్త్రి గొంతు తగ్గింది. “లోపల ఎవరమ్మాయ్?”

“అక్క.”

“సొంత అక్కా?”

“ఒక్కతే అక్క.”

ఆయన పక్కనున్న చెక్క పెట్టె మీద కూలబడ్డాడు. చెవిటి మామ ఆయన మోచెయ్యి తగిలి కింద పడింది, ఎవరూ తియ్యలేదు.

“కాగితం మీద సంతకం పెట్టావు నువ్వు. లోపల బంధువులున్నవాళ్ళు ఈ పేజీ పని చెయ్యకూడదు. పెట్టావా లేదా?”

“పెట్టినప్పుడు అక్క బయటే ఉందండి.”

“తర్వాత చెప్పాలి!”

“చెబితే ఈ పేజీ నా దగ్గర్నుంచి తీసేస్తారు. అక్క కళ్ళు పడేది ఇంకేముంది చెప్పండి, నేను చేసింది? ఆ అక్షరాలు కాస్త పెద్దవి చేస్తే అక్క కళ్ళకు శ్రమ తగ్గుతుందని, ఆ రంగు కాస్త...” అక్కడ ఆగిపోయింది. రంగు అన్న మాట దగ్గర ఏదో ముల్లులా గుచ్చుకుంది, ఏమిటో అందలేదు. “నాకదొక్కటే మిగిలింది మేస్త్రి గారూ.”

“సరే, అది తర్వాత. జాబితాలోంచి దీన్ని తీసిందెవడు? వాడి సంగతి ముందు తేల్చాలి.”

“అదే చూస్తున్నానండి నేనూ!”

*

ఎడిటర్ ఏదీ మరిచిపోదు. ఎవరు, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ వరస మార్చారో అడిగితే చెబుతుంది. మేస్త్రి ఆమె కుర్చీలో కూర్చుని అడిగాడు. ఆమె వెనక నిలబడింది. ఎవరి పేరు వస్తే వాళ్ళను పై అంతస్తు నుంచి లాక్కొచ్చేలా ఉంది ఆ నిమిషంలో.

ఆమె పేరే వచ్చింది. పన్నెండు వారాల కిందటి తేదీ. మధ్యాహ్నం రెండూ నలభై.

“నేను కాదు,” అంది వెంటనే. “నేనెందుకు తీస్తానండీ?”

మేస్త్రి తన బల్ల దగ్గరకు వెళ్ళి, ఇనుప సూదికి గుచ్చిన చీటీల కట్టను కింద నుంచి పైకి తిరగేశాడు. ఒకదాన్ని జాగ్రత్తగా లాగి, తెచ్చి ఆమె ముందు పెట్టాడు. జైలు పేజీ, అక్షరాల రంగు ముదురు చెయ్యాలి. మార్చాను – టిక్కు. పాత యంత్రంలో చూశాను – టిక్కు. కింద ఆమె పొడి సంతకం, తోక కాస్త వంకరగా.

“ఆ రోజు సగం రోజు సెలవు పెట్టావు,” అన్నాడు. “పంటి నొప్పి అన్నావు. మొహం వాచిపోయి వచ్చావు, నేనే లవంగం పెట్టుకోమన్నాను.”

అప్పుడు గుర్తొచ్చింది.

పంటి నొప్పి కాదు. కోర్టు. “చూడలేదండి” అని అక్క అన్నాక గదిలో ఎవరో దగ్గారు. తర్వాత వేరే తలుపులోంచి తీసుకెళ్ళిపోయారు. చెల్లెలు ఈ తలుపు దగ్గర నిలబడి ఉంది, అక్క ఇటే వస్తుందనుకుని. వెళ్తున్నానని ఒక్క మాట చెప్పుకోవడానికి లేకపోయింది. అక్కణ్నుంచి సరాసరి ఆఫీసుకు వచ్చి, కుర్చీలో కూర్చుని, ఈ చీటీ తీసుకుంది. రంగు మార్చింది. అంతలో తెర మూల నుంచి అత్తగారు ఒక చిన్న కిటికీ తెరిచి అడిగింది: “మీ జాబితాలో ఉన్న ఒక బ్రౌజరును నూటికి అర మనిషి కూడా వాడటం లేదు. తీసేయమంటారా?”

అక్షరాలు నీళ్ళలో ఈదుతున్నాయి. “సరే” నొక్కింది. కొత్తగా వచ్చినవాళ్ళందరికీ మొదటి రోజే, అది ఏది అడిగినా చదవకుండా సరే అనొద్దని చెప్పేది ఆమే. సేవ్ నొక్కింది. రంగు మారింది ఒక్క వరసలో, నలభై మూడు వరసలు ఎగిరిపోయాయి. ముసలివాళ్ళ గదికి వెళ్ళి చూడాలంటే బొమ్మలావిడ బల్ల ముందు నుంచి నడవాలి, ఆ వాచిన కళ్ళతో. కూర్చున్న చోటనే టిక్కు పెట్టేసింది.

వార్డులో నలభై ఆరు మంది ఆడవాళ్ళున్నారు. పన్నెండు వారాలుగా వాళ్ళందరూ కలిసి ఆ అర మనిషి.

ఇందాక ఏడుగురిని తిట్టిన తిట్లన్నీ వరసపెట్టి తిరిగి వచ్చి నెత్తిన పడ్డాయి.

“చూడలేదు నేను,” అంది.

“నాకు వినబడలేదు.”

“గదిలోకి వెళ్ళలేదు మేస్త్రి గారూ. చూడకుండానే...”

“నాకు వినబడలేదు అంటుంటే!” మేస్త్రి అటూ ఇటూ చూశాడు. “ఇలా విను. ఇప్పుడే చీటీ రాసిస్తాను, జాబితాలో పేరు కలుపు, సేవ్ చెయ్, మూడింటికల్లా మీటలు వచ్చేస్తాయి. మీ అక్క నొక్కుతుంది, శనివారం మీ అమ్మ వెళ్ళి చూసి వస్తుంది. అంతటితో సరి. ఎవరికీ ఏమీ తెలియక్కర్లేదు.”

“సోమవారం పంపించేస్తున్నారండి అక్కని.”

“పంపిస్తే మనమేం చేస్తాం?”

“ములాఖత్తు వద్దన్నవాళ్ళనే ముందు దూరం పంపుతారట. ఎవరినీ చూడనివాళ్ళకు ఏ ఊరైతేనేమని. వాళ్ళ పుస్తకంలో అక్క పదకొండు సార్లు వద్దంది. అక్క ఒక్కతే కాదు, తొమ్మిది మంది ఉన్నారట ఆ జాబితాలో. ఆ వద్దులన్నీ నావి. ఇప్పుడు మీటలు పెడితే ఇవాళ్టి నుంచి సరవుతుంది. వెనకటివి ఎవరు కొట్టేస్తారు? ఉత్తరం రాయాలి.”

“రాద్దాం. పనిముట్టు తప్పని రాద్దాం. అది అడిగింది, అది తీసింది. నీ చీటీ మీద టిక్కు ఉంది, చూశానని. ఆ టిక్కే నిన్ను కాపాడుతుంది. ఆ టిక్కు జోలికి మాత్రం పోకు, నీకు దణ్ణం పెడతా.”

చూసే ఇచ్చానని చెప్పు, మిగతాది నాకు వదిలెయ్. కోర్టు వరండాలో వకీలు అచ్చం ఇలాగే చేతులు జోడించాడు. అక్క ఆ రోజు నీలం చీర కట్టుకుంది. ఇస్త్రీ చేసింది చెల్లెలే.

“పనిముట్టు తప్పు అంటే వాళ్ళు విచారిస్తారు, నెల పడుతుంది,” అంది. “సోమవారం మధ్యాహ్నం వ్యాను వచ్చేస్తుంది. మనిషి తప్పని రాస్తే ఇవాళే ఆపాలి వాళ్ళు.”

“నీ పేరు రాస్తే మీ అక్క పేరు బయటికొస్తుంది. తెలిసి దాచావంటారు. రేపట్నుంచి ఈ బల్ల దగ్గర నువ్వుండవు. నేనూ ఉంటానో లేదో. పైన తింటున్న ఆరుగురిని పిలిచి నువ్వే చెబుతావా మరి?”

ఆమె కిటికీ వైపు తిరిగింది. పైన ఎవరో నవ్వారు, బొమ్మలావిడే. అంటుకుపోయిన కిటికీల అవతల ఎండ తెల్లగా ఉంది. ఎవరో ఒకరి కాలు తొక్కకుండా జరిగే చోటు లేదు.

మేస్త్రి చీటీ ఒకటి చింపి, మీటలు సరిచెయ్యాలి అని రాసి, ఆమె వైపు తోశాడు.

“ఇది రాసిస్తాను. రెండోది, ఆ ఉత్తరానికి, నేను రాయను. నువ్వే రాసుకుంటే...” రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. “నేను ఆపలేను. కాళ్ళూ చేతులూ కట్టేసి కూర్చోబెట్టను కదా.”

*

పదో పేరు కలిపింది. సేవ్ నొక్కింది. అత్తగారు కిక్కురుమనకుండా నలభై మూడు వరసలూ తిరిగి రాసిపెట్టింది, ఎప్పుడూ తియ్యనట్టే. పేజీ జైలుకు పంపింది. రెండూ ముప్ఫై ఐదు.

తర్వాత లేచి, అప్పుడే దిగి వచ్చిన బొమ్మలావిడ బల్ల ముందు నుంచే నడిచి, ముసలివాళ్ళ గదిలోకి వెళ్ళింది. ఇటుకను కాలితో సరిగ్గా జరిపింది. తాతగారి తెర మీద అమ్మ ఎడమ పక్కకు ఒదిగి చిన్నదైపోయింది. కుడి పక్కన రమ్మనండి, వద్దు. రెండు మీటలనూ వేలితో తడిమి మరీ చూసింది. బయటికి వచ్చి టిక్కు పెట్టింది.

“ఏంటమ్మా, తాతగారి దగ్గర ఏడ్చి వచ్చావా?” అంది బొమ్మలావిడ.

“అవును,” అంది. బొమ్మలావిడ కుర్చీ అటు తిప్పుకుంది.

ఉత్తరం నాలుగు వాక్యాలు. జైలు రికార్డుల గుమాస్తాకు. పన్నెండు వారాల కిందట నా చేతి పొరపాటు వల్ల ఆడవాళ్ళ వార్డులో మీటలు కనబడకుండా పోయాయి. చూశానని టిక్కు పెట్టాను, చూడలేదు. అప్పటి నుంచి ఆ వార్డులో నమోదైన వద్దులేవీ వాళ్ళు అన్నవి కావు, వాటిని బట్టి ఎవరినీ బదిలీ చెయ్యవద్దు. నా అక్క ఆ వార్డులో ఉంది, ఆ సంగతి దాచాను.

పాత చీటీ ఫోటో తీసి జతచేసింది. రెండూ యాభై ఎనిమిదికి పంపేసింది. ఇంకో చీటీ తీసి, ఉత్తరం అని రాసి, రెండు టిక్కులూ పెట్టి, తానే సూదికి గుచ్చింది. మేస్త్రి కళ్ళు ఎత్తలేదు.

మూడింటికి జవాబులు రావడం మొదలైంది. జవాబుల పట్టికలో వరస వెనక వరస ఆకుపచ్చగా మారుతోంది. రమ్మనండి. రమ్మనండి. రమ్మనండి. ఒకావిడ రెండుసార్లు నొక్కింది, నమ్మకం కలగలేదేమో. మూడూ ఇరవైకి ముప్ఫై మంది అయ్యారు. వాళ్ళ ఇళ్ళలో ఇప్పుడు ఫోన్లు మోగుతూ ఉంటాయి. జవాబు వచ్చిన నిమిషంలోపు దరఖాస్తులో ఇచ్చిన నంబరుకు వెళ్ళిపోతుంది. ఎదురుచూసేవాళ్ళను ఎక్కువసేపు ఎదురుచూడనివ్వకూడదని ఆమె పట్టుబట్టి పెట్టించిన ఏర్పాటది.

అక్క వరస ఇంకా తెల్లగానే ఉంది.

మూడూ ముప్ఫైకి మేస్త్రి బల్ల మీద ఫోను మోగింది. ఆయన విన్నాడు, అవునండి అన్నాడు, సరేనండి అన్నాడు, పెట్టేశాడు. ఆమె బల్ల దగ్గరకు నడిచి వచ్చాడు.

“బదిలీలు ఆపేశారు. తొమ్మిదీ.” రుమాలు జేబులో పెట్టుకుని, “రేపు పదింటికి నిన్ను రమ్మన్నారు. చీటీ అసలుది తెమ్మన్నారు. నన్నూ రమ్మన్నారు,” అన్నాడు.

ఆమె తల ఊపింది. ఆపేశారు. అక్క ఎక్కడికీ వెళ్ళదు. రేపు తనకేమైనా కానీ, ఈసారి వేరే తలుపులోంచి ఎవరూ తీసుకెళ్ళిపోరు. బీరువాలోంచి దుప్పటి తియ్యమని అమ్మకు ఎలా చెప్పాలో మనసులో కూర్చుకుంటోంది.

మూడూ నలభై ఒకటి. అక్క వరస కదిలింది.

ఎర్రగా మారింది.

వద్దు.

తెలియక నొక్కిందనుకుంది. ఒకదాని బదులు ఇంకొకటి. అక్కకు ఆ పొరపాటు కొత్త కాదు కదా అని, అలా అనుకున్నందుకు వెంటనే నాలుక కరుచుకుంది. కానీ వద్దు నొక్కినవాళ్ళకు కింద కారణం రాయడానికి ఒక చిన్న గడి తెరుచుకుంటుంది. రాయకపోయినా ఫరవాలేదు, ఎవరూ రాయరు. అక్క రాసింది. ఒక్కో అక్షరం వెతుక్కుని రాసి ఉంటుంది.

“బదిలీ నేనే అడిగాను చెల్లీ. ఆపకు. అమ్మకు చెప్పకు.”

మూడుసార్లు చదివింది. దరఖాస్తు అమ్మ పేరుతో ఉంది. అయినా చదివేది ఎవరో అక్కకు తెలుసు; చెల్లెలి ఉత్తరంతో బదిలీ ఆగిందని ఈపాటికి వార్డులో చెప్పి ఉంటారు. దరఖాస్తులో ఉన్న నంబరు అమ్మదని మాత్రం తెలియదు. పన్నెండు వారాల్లో ఆ మీటలు కనబడటం ఇదే మొదటిసారి. నొక్కితే కారణంతో సహా ఎక్కడికి వెళ్తుందో ఆమెకెవరు చెబుతారు?

గడియారం కేసి చూసింది. మూడూ నలభై రెండు.

బల్ల మీద ఆమె ఫోను మోగింది. తెర మీద “అమ్మ” అని ఉంది.